వ్యాను వెనక చోటు

నలభై ఏడేళ్ళు మోటార్‌సైకిలు నడిపాను. ఈ నలభై ఏడేళ్ళలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా, పెట్టకూడని చోట కాలు పెట్టలేదు. అజీన్యాల్ నుంచి సముద్రం దాకా ఎవరినైనా అడగండి. బండి ఆగీ ఆగకముందే ఎడమ కాలు నేల మీద ఆనించడంలో నా ఒడుపు చూపించడానికి, ఎవోరా పట్నంలో నాట్యం నేర్పే పంతులమ్మ తన శిష్యురాళ్ళను మా ఊరికి తీసుకొచ్చిందని చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనే అనుకోండి. అయినా చెప్పుకుంటారు.

అలాంటి నేను డెబ్భై ఒకటో ఏట మూడు చక్రాల బండి కొన్నాను. కొన్నాననడం కూడా పూర్తి నిజం కాదు. ఆ సంగతి వస్తుంది.

ఆ ఏడు ఈస్టర్ మర్నాడు, చర్చి ముందున్న వాలు మీద, నేనూ నా భార్య జుల్మీరా బండితో సహా పక్కకి ఒరిగిపోయాం. అంతకు ముందు చలికాలంలోనే నాకు తుంటి ఎముక మార్చారు. మూడు వందల యాభై కిలోల బండిని ఆపుకోవడం కొత్త తుంటికి చేతకాలేదు. ఊరంతా పూజ ముగించుకుని బయటికొచ్చే వేళ.

"బండికి వయసైపోయింది," అన్నాను లేస్తూ.

"బండికా?" అంది జుల్మీరా రాళ్ళ మీద కూర్చునే. మణికట్టు అప్పటికే వాచింది. "అయితే దానికీ ఒక తుంటి మార్పించు. నేను మాత్రం మళ్ళీ దీని వెనక ఎక్కను."

వెనక కూర్చునేవాళ్ళను మా మోటార్ క్లబ్బులో 'పెందూర' అంటారు. అంటే వేలాడేది. ముప్పై ఆరేళ్ళు ఆమె నా పెందూర. పెందూరకి క్లబ్బులో ఓటు లేదు, చొక్కా మీద ముద్ర లేదు, భోజనాల రోజున మాత్రం పని ఉంటుంది. ఇది అన్యాయమని ముప్పై ఆరేళ్ళలో నాకు ఎప్పుడూ తట్టలేదు. తట్టకపోవడమూ ఒక హాయే.

మే నెలలో బండి అమ్మేశాం. కూలబడకుండా నిలబడేది, ఇద్దరినీ మోసేది, క్లబ్బు వాళ్ళతో సమానంగా పరిగెత్తేది ఇంకొకటి కావాలి. మూడు చక్రాలనగానే బంగాళాదుంపల బస్తాలు మోసేది అనుకోకండి. ముందు మోటార్‌సైకిలు చక్రం, పొడుగాటి ఫోర్కు. మధ్యలో నడిపేవాడి సీటు. వెనక కారు ఇంజను, దాని మీద ఇంకో ఇద్దరు పట్టే బెంచీ సీటు, రెండు పక్కలా ద్రాక్షసారా పీపా అంత లావు టైర్లు. నూట పది గుర్రాల బలం. అటువంటిది మా చుట్టుపక్కల అమ్మకానికి ఒక్కటే ఉంది. అది విటలీను కట్టించుకున్న బండి.

ఇక్కడ నన్ను ఒక గుక్క నీళ్ళు తాగనివ్వండి. పన్నెండేళ్ళ కిందట విటలీను మా క్లబ్బు సభ్యుడు. అడ్డదారి నుంచి వచ్చిన ట్రాక్టరు అతన్ని గుద్దింది. అప్పటి నుంచి మోకాలు వంగదు. కాలు చాపుకుని నడపొచ్చని ఏడాది పాటు కూర్చుని ఈ బండి కట్టించుకుని వచ్చాడు. క్లబ్బు మీటింగు పెట్టింది. రూలు పుస్తకంలో ఒక కొత్త రూలు చేరింది: 'మూడు చక్రాలది మోటార్‌సైకిలు కాదు. అటువంటి బండితో వచ్చే సభ్యుడు వరసలో కాక, వ్యాను వెనక రావాలి.' వ్యాను అంటే పనిముట్లు, రొట్టెలు, చెడిపోయిన బండ్లు మోసేది. అందరికంటే వెనక వస్తుంది. ఆ సెప్టెంబరు యాత్రలో విటలీను ఆ వ్యాను డీజిలు పొగ తాగుతూ వంద కిలోమీటర్లు వచ్చాడు. ఆ తర్వాత ఒక మలుపు దగ్గర వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

రూలు పెట్టమన్నది ఎవరో, పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాసింది ఎవరో అడగకండి. అప్పుడు కార్యదర్శిని నేనే.

జూలై మొదటి వారంలో అతని ఇంటికి వెళ్ళాం. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రెండు కళ్ళలోనూ పాలు పోసినట్టు పొర. లైసెన్సు తిరిగి ఇవ్వలేదట. అందుకే అమ్మకం.

మా వైపు మగవాళ్ళం ఒకరినొకరం 'కుంపాద్రె' అని పిలుచుకుంటాం. సగం బావ, సగం వియ్యంకుడు. ఆడవాళ్ళయితే 'కుమాద్రె', మర్యాదగా పిలవాలంటే 'దోనా'. పరాయివాణ్ణి, పన్నులు వసూలు చేసేవాణ్ణి మాత్రమే 'సెన్యోర్' అంటాం.

"కుంపాద్రె విటలీను, నేను బల్తజార్‌ని," అన్నాను.

"దగ్గు విని గుర్తుపట్టాను, సెన్యోర్ బల్తజార్. కూర్చోండి. బండి ఎవరికి?"

"నాకే."

"అయితే అమ్మకానికి లేదు."

"కాగితం అంటించావు కదా దుకాణంలో!"

"అంటించాను. మీకని రాయలేదు." పొర కమ్మిన ఆ కళ్ళు నన్ను దాటి వెళ్ళాయి. "పక్కన ఉన్నది దోనా జుల్మీరాయేనా? అమ్మా, మీరు రొట్టెల వ్యాను తోలేవారు కదూ?"

"ముప్పై ఏళ్ళు తోలాను. పదకొండు ఊళ్ళకి."

"దీనికి కారు లైసెన్సు చాలు. తాళం చెవి దానికే ఉంది. ఓ చుట్టు తిరిగి రండి."

నేను నవ్వాను. నాతో పాటు ఎవరూ నవ్వలేదు. జుల్మీరా చేతిసంచీ నా ఒళ్ళో పడేసి, గౌను కాస్త పైకి ఎగదోసి, ఎక్కి కూర్చుంది. ఇంజను రంకె వేసింది. ఆలివ్ చెట్ల చుట్టూ మూడు చుట్లు. దుమ్ము లేచి మా మీద పడింది. విటలీను మెడ పక్కకి వంచి శబ్దం వింటూ కూర్చున్నాడు, గేరు మారిన ప్రతిసారీ తల ఊపుతూ.

తిరిగొచ్చి ఆపింది. జుట్టు దువ్వెన పెట్టి ఇరవై ఏళ్ళయిన దానిలా ఉంది.

"రివర్సు గట్టిగా పడుతోంది," అంది.

"నాకూ గట్టిగానే పడేది."

"మిగతాది నా రొట్టెల బండే. పైకప్పు పీకేశారు, అంతే."

కాగితాలు ఆమె పేరున రాసిచ్చాడు. నేను సంచీ పట్టుకుని నిలబడ్డాను.

"మరి నా సంగతి?" అన్నాను నవ్వులాటకి.

"వెనక రెండు సీట్లున్నాయి, సెన్యోర్," అన్నాడు విటలీను. అందులో నవ్వులాట లేదు.

ఇంటికి వచ్చేదాకా నేను ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడినా ఇంజను నా కిందే ఉంది, వినపడదు. ఒళ్ళంతా మండిపోతోంది. నా వీపు చూస్తూ తిరిగిన మనిషి వీపు నేను చూస్తున్నాను! ఆ విటలీను కళ్ళు పోయి కూడా నా చెంప ఎక్కడుందో సరిగ్గా చూసి కొట్టాడు!

పది రోజులు ఓపిక పట్టాను. పదకొండో రోజు, జుల్మీరా వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళినప్పుడు, తాళం చెవి తీశాను. మా క్లబ్బు అధ్యక్షుడు ఫౌస్తుది చౌరస్తాలో కాఫీ హోటలు. పగలంతా సగం క్లబ్బు అక్కడే ఉంటుంది. వాళ్ళ ముందు ఠీవిగా ఆపి దిగాలని నా ఆలోచన. వాలు మీద నుంచి రాజులా దిగాను. అందరూ తలలు తిప్పారు. వేగం తగ్గించాను. బండి ఇంకా మెల్లగా దొర్లుతోంది. ఎడమ కాలు తనంతట తానే చాచుకుని, ఎంతో అందంగా, నేల మీద ఆనింది.

రెండు చక్రాల బండి నడిపినవాడు తప్ప ఇంకెవడూ చెయ్యని తప్పు ఇది. మూడు చక్రాల బండికి కాలు ఊతం అక్కర్లేదు. కాలు దించితే వెనక వచ్చే చక్రానికి దారిలో నిలబడ్డట్టే. పీపా అంత లావు టైరు నా మడమ పట్టుకుని, పాదాన్ని కిందికి లాక్కుని, తీరుబడిగా ఎక్కి దిగింది.

మొదట్లో నలభై ఏడేళ్ళని, పంతులమ్మని ఏదో చెప్పాను కదా, అదంతా ఇక్కడితో కొట్టేసుకోండి. సొంత బండి కింద సొంత కాలు పెట్టుకున్న మగాణ్ణి మా జిల్లాలో నేనొక్కణ్ణే. ఆసుపత్రిలో నర్సుకి ఎద్దు తొక్కిందని చెప్పాను. ఆ పిచ్చితల్లి ఎద్దు రంగు కూడా అడిగి రాసుకుంది.

హోటల్లో నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఫౌస్తు గుమ్మంలో నిలబడి పొట్ట పట్టుకుని, "కుంపాద్రె, అందుకేనయ్యా మూడు చక్రాల వాళ్ళని వ్యాను వెనక పెట్టింది! ముందుంటే కాళ్ళు ఏరుకోవాలి!" అన్నాడు. అంబులెన్సు రావడానికి ముందు అతను చెప్పిన ఊరట మాట అదొక్కటే.

జుల్మీరా ఆసుపత్రికి వచ్చింది. కట్టు వైపు చూడలేదు.

"ఎవర్నడిగి తీశావు?"

"కాలు మూడు చోట్ల విరిగిందే!"

"అది కాలు సంగతి. నేను బండి సంగతి అడుగుతున్నా. ఎవర్నడిగి తీశావు నా బండి?"

ఆ 'నా' అన్న అక్షరం మా ఇంట్లో అంతకు ముందు పెద్దగా వినపడలేదు.

మిగిలిన జూలై, ఆగస్టు వంటింట్లోనే గడిపాను, స్టూలు మీద కాలు పెట్టుకుని. టమాటా పులుసులో గుడ్డు పగలగొట్టడం నేర్చుకున్నాను. జుల్మీరా పొద్దున్నే వెళ్ళేది. ఒకరోజు సంతకి, ఒకరోజు వీధి చివర పెర్పేతువమ్మని కళ్ళ డాక్టరు దగ్గరికి, ఒకరోజు ఊరికే. ముఖమంతా ఎండకి కమిలి, కళ్ళద్దాల చోట మాత్రం తెల్లగా ఉండేది. గుడ్లగూబలా ఉన్నావన్నాను. పులుసులో ఉప్పెక్కువైందంది. నిజంగానే ఎక్కువ వేసేవాణ్ణి. కోపం ఎవరి మీద చూపించాలో తెలియనివాడి చేతికి ఉప్పే దొరుకుతుంది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆమె నా ఎదురుగా కూర్చుంది.

"సెప్టెంబరులో ఫాతిమా పోవాలి."

ఫాతిమా అనే ఊళ్ళో, మాత కోవెల దగ్గర ఏటా హెల్మెట్లకు దీవెన. దేశంలో ఉన్న మోటార్‌సైకిళ్ళన్నీ అక్కడికే. మా క్లబ్బు ఇద్దరిద్దరుగా వరస కట్టి రెండు వందల కిలోమీటర్లు వెళుతుంది. ఆ వరసలో ఎవరి చోటు వాళ్ళది. మాది మూడో జంట.

"ముప్పై ఆరేళ్ళు నీ వీపు చూస్తూ పోయాను ఫాతిమాకి," అంది. "ఈసారి దారి చూస్తూ పోతా. మన చోటులోనే. వ్యాను వెనక కాదు."

"రూలుంది కదే."

"రాసింది ఎవరు?"

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను కర్ర కోసం తడుముకున్నాను.

"నువ్వే రాశావు. నువ్వే చెప్పు వాళ్ళకి, తప్పు రాశానని. నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఆ ఒక్కటి చెప్పు."

ఆగస్టు చివరి ఆదివారం మీటింగు. ఫౌస్తు హోటలు వెనక గదిలో ఇరవై రెండు మంది, బల్ల మీద వేయించిన వేరుశెనగలు, బీరు. పెందూరలు మీటింగులోకి రాకూడదు. జుల్మీరా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. నేను కట్టు కాలు చాపుకుని ముందు కుర్చీలో.

ఫౌస్తు పుస్తకం తెరిచి చదివాడు. మూడు చక్రాలది మోటార్‌సైకిలు కాదు. చదివి నా వైపు తిరిగాడు.

"అక్షరాలు ఎంత గుండ్రంగా ఉన్నాయో చూడండి. ఇది రాసిన చెయ్యి నీదే కదా, కుంపాద్రె?"

అప్పుడు నేను లేచాను. రెండు చంకల్లో కర్రలు పెట్టుకుని, ఆ కాలుతోనే లేచాను. "నాదే. రాసింది నేను, రాయమన్నదీ నేనే. మోకాలు విరిగినవాడు వరసలో ఉంటే వరస అందం చెడుతుందనుకున్నాను. వాడి చేత వంద కిలోమీటర్లు పొగ తాగించాను. అది కుక్క బుద్ధి, కుక్కలు నన్ను క్షమించాలి. ఆ పేజీ చింపండి!" అని బల్ల మీద గుద్దితే వేరుశెనగలు ఎగిరి నేల మీద పడ్డాయి.

ఫౌస్తు గొంతు సవరించుకున్నాడు. "రూలు ఉండాలనేవాళ్ళు చేతులెత్తండి."

పదిహేడు చేతులు లేచాయి. నేను పెళ్ళికి సాక్షి సంతకం పెట్టినవాడి చెయ్యి. నేను గారేజీలో రాత్రింబవళ్ళు గేర్‌బాక్సు బిగించి ఇచ్చినవాడి చెయ్యి. అన్నీ తాపీగా లేచాయి, ఇంకో బీరు తెమ్మన్నట్టు.

"అయిపోయింది, కుమాద్రె," అన్నాడు ఫౌస్తు తలుపు వైపు. "ఏమీ అనుకోకు. వ్యాను వెనక నీడగా ఉంటుంది."

జుల్మీరా లోపలికి వచ్చింది. "ఆ పుస్తకం ఇలా తిప్పు. ఇందులో ఏముంది? అలాంటి బండితో వచ్చే... ఎవరు?"

"సభ్యుడు."

"నేను సభ్యురాలినా?"

"అబ్బే, నువ్వు పెందూరవి కదా."

"మరి ఈ రూలు నాకెందుకు చదివావు ఇంతసేపు?"

ఆమె పుస్తకం మూసి, దాని మీద పడ్డ వేరుశెనగ పొట్టు చేత్తో దులిపి, వెళ్ళిపోయింది.

సెప్టెంబరులో ఆ ఆదివారం పొద్దున ఏడింటికి క్లబ్బు చౌరస్తాలో చేరింది. ఫౌస్తు బయల్దేరేముందు ఉపన్యాసం ఇస్తాడు. ఏటా అదే ఉపన్యాసం. సగంలో ఉండగా మా బండి చౌరస్తాలోంచి వెళ్ళింది. ముందు జుల్మీరా. వెనక బెంచీ మీద కర్ర పట్టుకుని నేను. నా పక్కన, మోకాలు చాపుకుని, విటలీను. తెల్లవారకముందే జుల్మీరా వెళ్ళి ఎక్కించుకొచ్చింది. ఆమె ఆగలేదు. హారన్ కూడా కొట్టలేదు.

ముప్పై కిలోమీటర్ల తర్వాత వాళ్ళు మమ్మల్ని అందుకున్నారు. అందుకుని అక్కడే ఉండిపోయారు. మా క్లబ్బులో ఒక పట్టింపు ఉంది. వరసని ముక్కలు చెయ్యకూడదు. ఒక బండిని దాటితే ఇరవై మందీ కలిసి ఒక్క ఊపులో దాటాలి, లేదా అందరూ వెనకే ఉండాలి. వంకర టింకర దారిలో ఇరవై బండ్లు కలిసి దాటే జాగా ఎక్కడుంటుంది? తిన్నటి దారి వచ్చినప్పుడల్లా జుల్మీరా కాలితో యాక్సిలరేటరు నొక్కేది. నూట పది గుర్రాలూ ఒక్కసారి లేచేవి. మలుపు రాగానే తగ్గించేది. రొట్టెలు ఒరిగిపోకుండా ముప్పై ఏళ్ళు మలుపులు తిప్పిన చెయ్యి అది.

"వెనక ఏముంది?" అని అరిచాడు విటలీను నా హెల్మెటు మీద కొట్టి. ఆ రోజు అతను మాట్లాడిన మొదటి మాట.

"క్లబ్బంతా!"

"ఎంత ఉంది?"

"బొటనవేలంత!"

"చీమంత అయ్యాక చెప్పండి!"

తిన్నటి దారి వచ్చింది. "చీమంత!" అని అరిచాను.

"వ్యాను?"

"అందరికంటే వెనక!"

అతను నవ్వలేదు. వంగని మోకాలి మీద చెయ్యి వేసుకుని, ఆ పొర కళ్ళు దారి వైపే పెట్టుకుని కూర్చున్నాడు. దారి పక్క కరెంటు స్తంభాల మీద గూళ్ళలో కొంగలు లేచి నిలబడి, ముక్కులతో టకటకమని చప్పట్లు కొట్టాయి.

ఫాతిమాలో వేల హెల్మెట్లు ఒక్కసారి పైకి లేచాయి. విటలీను తనది ఎత్తాడు. జుల్మీరా తనది ఎత్తింది. అందరికంటే ఆలస్యంగా దించింది. తిరిగి వెళ్ళేటప్పుడు ఫౌస్తు మా బండి పక్కన ఆగి, మనుషుల వైపు చూడకుండా, "ఇంజను మంచిదే," అని వెళ్ళిపోయాడు. రూలు అలాగే ఉంది. ఈ ఏడాదీ ఆమె సభ్యురాలు కాదు. ఈ ఏడాదీ క్లబ్బు కంటే ముందే వెళ్ళింది.

ఇందులో ఒకటి నేను కల్పించాను. కొంగలనుకుంటున్నారు మీరు. కాదు, ఆ కొంగలు నిజం. ఈ మధ్య అవి వలస పోవడం మానేసి ఏడాది పొడుగునా మా దగ్గరే ఉంటున్నాయి.

నేను కల్పించింది ఆ మీటింగులో లేచి నిలబడటం. నేను లేవలేదు. చెయ్యి నీదే కదా అని ఫౌస్తు అడిగినప్పుడు, నా కట్టు మీద పెర్పేతువమ్మ మనవరాలు గీసిన బొమ్మ వైపు చూస్తూ కూర్చున్నాను. జుల్మీరా తలుపు దగ్గర నుంచి నన్నే చూస్తోంది. ఎంతసేపు ఆగిందో చెప్పలేను. ఆ తర్వాత చేతులు లేచాయి. బల్ల గుద్దిన దెబ్బ, కుక్కలు, చింపాల్సిన పేజీ, అన్నీ ఆ రాత్రి మంచం మీద తయారుచేసుకున్నవి. అప్పటి నుంచి ఎన్నిసార్లు చెప్పానో, చెప్పిన ప్రతిసారీ వేరుశెనగలు ఇంకాస్త ఎత్తు ఎగురుతున్నాయి.

ఫాతిమా దారిలో, చీమల లెక్క అయిపోయాక, విటలీను ఇంకొకటి కూడా అడిగాడు. "మొన్నటి మీటింగులో మీరేమన్నారు?"

ఇంజను రొదలో వినపడనట్టు ఊరుకున్నాను. అతను రెండోసారి అడగలేదు.